గడ్డి కొసన కాచుకుని ఉండే పిడుదు

మహేంద్రగిరి మీద ఒక రాత్రి గుడారంలో గడిపి ఇంటికి తిరిగివచ్చిన మర్నాడు స్నానం చేస్తుండగా, సరిగ్గా మొలతాడు పడే చోట, చేతికి చిన్న పులిపిరి లాంటిది తగిలింది. అంతకు ముందు అక్కడ పులిపిరి లేదు. వెలుతురులోకి వచ్చి అద్దంలో చూస్తే దానికి కాళ్లున్నాయి. పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పశువుల చెవుల్లోంచీ పొదుగు పక్కల నుంచీ ఎన్ని వేల పిడుదులు ఏరానో లెక్కలేని నాకు, సొంత ఒంటి మీద ఒకటి కనబడేసరికి కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా ఆవిడ కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. పెరటి గోడ అవతలి నుంచి పక్కింటి పెద్దాయన, "నూనె రాసి ఒగ్గేయండి బాబూ, అదే రాలిపోద్ది" అన్నారు. ఆయన మాటను తీసిపారేయలేను, ఎందుకంటే పశువుల విషయంలో అదే సలహాను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ విన్నాను, ఒకరిద్దరికి చెప్పాను కూడా. అయితే నూనె పూసినా, కిరోసిన్ చుక్క వేసినా, బీడీ నిప్పు అంటించినా పిడుదు వెంటనే వదలదు. ఉక్కిరిబిక్కిరై, తన లాలాజలాన్నీ కడుపులో ఉన్నదాన్నీ మన గాయంలోకే కక్కే అవకాశం ఉంటుంది. రోగక్రిములు ఉండేది ఆ లాలాజలంలోనే కనుక, రాలిపోతుందని ఎదురుచూస్తూ గడిపే ప్రతి గంటా దానికే లాభం.

తీయడానికి కావలసింది కంసాలులు వాడే సన్నమొన శ్రావణం, లేదా మందుల దుకాణంలో దొరికే సన్నటి ట్వీజర్. దాని మొనలతో పిడుదు పొట్టను కాకుండా, చర్మానికి ఆనుకుని ఉన్న తల భాగాన్ని పట్టుకుని, మెలితిప్పకుండా, ఒక్కసారిగా గుంజకుండా, ఒకే బలంతో నిదానంగా పైకి లాగాలి. నోటి ముక్క లోపల ఉండిపోతే, సులువుగా వస్తే తీయాలి, రాకపోతే సూదితో కెలకకుండా వదిలేయాలి. కొన్నాళ్లకు చర్మమే దానిని బయటకు నెట్టేస్తుంది. తరువాత ఆ చోటునూ చేతులనూ సబ్బుతో కడుక్కుని స్పిరిట్ అద్దాలి. తీసిన పిడుదును వేళ్ల మధ్య నలపకూడదు. నేను దానిని స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో "పిడుదు, నడుము" అని రాసుకున్నాను.

పిడుదు అన్నా గోమారి అన్నా ఒకటే. ఇది పురుగు జాతి కాదు. సాలీడుకూ తేలుకూ చుట్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లుంటాయి, ఒకసారి రక్తం తాగి కుబుసం విడిచాక ఎనిమిది అవుతాయి. నిండా రక్తం తాగిన ఆడ పిడుదు అచ్చం ఆముదపు గింజలా ఉంటుందని మన రైతులందరికీ తెలుసు. లాటిన్ భాషలో పిడుదును "రిసినస్" అంటారనీ, ఆముదపు మొక్క శాస్త్రీయ నామంలోని మొదటి మాట అదేననీ తెలిసినప్పుడు, ఎక్కడి రైతుల కన్నైనా ఒకటేనని నాకు సంబరం కలిగింది.

దీనికి రెక్కలు లేవు, ఎగరలేదు, గెంతలేదు, చెట్టు మీద నుంచి మన నెత్తిన దూకుతుందన్నది అపోహ. గడ్డి పరక కొసకు ఎక్కి, వెనుక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు చాచి కూర్చుంటుంది. ఆ ముందు కాళ్ల మీదనే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడునూ ఒంటి వేడినీ పసిగట్టే చిన్న గుంట లాంటి అవయవం ఉంటుంది. మనం రాసుకుంటూ పోతే చాలు, పట్టుకుంటుంది. అక్కడి నుంచి పైకి పాకుతూ, బట్ట బిగుతుగా ఉండే చోటో చర్మం పలచగా చెమ్మగా ఉండే చోటో చూసుకుంటుంది. మొలతాడు, చంక, గజ్జ, మోకాలి వెనుక, చెవి వెనుక, జుట్టు మొదలు దానికి ఇష్టమైన చోట్లు. కుట్టినప్పుడు నొప్పి తెలియదు.

ఈ సంగతులన్నీ తెలిసిన నేను ఆ రాత్రి చేసిన తప్పు చెప్పుకోవాలి. మందస వైపు నుంచి ఎక్కిన మేము అయిదుగురం, ఒడిశా సరిహద్దు దాటిన తరువాత, చీకటిపడే వేళకు చదునుగా, శుభ్రంగా, గడ్డి పొట్టిగా ఉన్న చోటు చూసి గుడారం వేశాము. తెల్లవారి చూస్తే అది పశువులు మేసి పడుకునే చోటు. గడ్డి పొట్టిగా ఉన్నది అవి మేయడం వల్లనే. పశువు పడుకున్న చోట రక్తం తాగి నిండిన పిడుదు రాలుతుంది, రాలినది వేల గుడ్లు పెట్టి చస్తుంది, ఆ పిల్లలు చుట్టూ ఉన్న గడ్డికి ఎక్కుతాయి. ఒక పశువైద్య ఉద్యోగికి ఇంతకన్న సిగ్గుచేటు ఉండదు. దానికి తోడు, పగలంతా ప్యాంటు, బూట్లు వేసుకుని నడిచిన మనిషిని, చలిమంట దగ్గర సుఖంగా ఉంటుందని లుంగీ కట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

వేట గురించి కూడా రెండు మాటలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం, నేను దానిని సమర్థించడం లేదు. అయితే అంతకు ముందు కాలంలో మా తాతగారు కొండల దిగువన అడవిపందుల వేటకు వెళ్లేవారట. పందిని మోసుకొచ్చినవాళ్లు ఇంట్లోకి రాకుండా, పశువులశాల దగ్గరే బట్టలు విడిచి, వాటి మీద మరిగే నీళ్లు పోయించి, స్నానం చేసి వచ్చేవారని మా అమ్మ చెప్పేది. ఆమె దానిని మైలగా చెప్పింది. నాకు మాత్రం ఉద్యోగంలో చేరాక అసలు లాభం అర్థమైంది: జంతువు చచ్చి ఒళ్లు చల్లబడటం మొదలుకాగానే దాని మీద ఉన్న పిడుదులు దిగి, దగ్గరలో ఉన్న వెచ్చటి ఒంటిని వెతుక్కుంటాయి. ఆ వెచ్చటి ఒళ్లు మోసేవాడిదే. చల్లటి నీళ్లలో ఉతికితే పిడుదు చావదు. మరిగే నీళ్లకూ బాగా ఎండిన వేడికీ చస్తుంది.

ఈ మాట ఇటీవల మా అక్క కొడుక్కి పనికొచ్చింది. వాడు అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటాడు, అక్కడ లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్లడం చట్టబద్ధం, తోటి ఉద్యోగులతో నవంబరు చివర వెళుతున్నానని ఫోన్ చేశాడు. జాగ్రత్తలు చెప్పబోతే, "ఇక్కడ గడ్డకట్టే చలి మావయ్యా, పిడుదులెక్కడుంటాయి?" అన్నాడు. అది చాలామంది చేసే పొరపాటు. అక్కడ లైమ్ వ్యాధిని అంటించే నల్లకాళ్ల పిడుదుల్లో ఎదిగినవి శరదృతువులోనే జోరుగా తిరుగుతాయి, చలికాలంలోనైనా ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయిని దాటిన రోజున బయటకు వస్తాయి. లైమ్ అన్నది కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక ఊరి పేరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లల్లో కీళ్లవాపులు ఎక్కువగా కనబడటంతో ఈ వ్యాధి వెలుగులోకి వచ్చింది, దానికి కారణమైన బాక్టీరియాను పిడుదులో కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు విలీ బర్గ్‌డార్ఫర్. 1982లో ఆ సంగతి ప్రచురితమైంది. పిడుదులకు జింక రక్తమిస్తుందే గాని, బాక్టీరియాను అందించేది జింక కాదు, అడవి ఎలుక. పిల్ల పిడుదు ఎలుక దగ్గర దానిని తెచ్చుకుంటుంది. మామూలుగా ఒక రోజుకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటేనే లైమ్ అంటుతుంది కనుక, సాయంత్రం ఇంటికి రాగానే ఒళ్లంతా వెతుక్కోవడమే వాడికి నేను చెప్పిన అసలు మందు.

మన జిల్లాల్లో భయపడవలసింది లైమ్ గురించి కాదు. పశువుకు పిడుదు వల్ల వచ్చే థైలీరియాసిస్, కాఫీ రంగు మూత్రం పోయించే బబేసియాసిస్ మనుషుల లెక్కలోకి రావు. కుక్కల మీద ఉండే పిడుదు వల్ల మనుషులకు వచ్చే టైఫస్ జ్వరం ఒకటి దేశంలో ఉంది. అన్నిటినీ మించి, పిడుదుకు చిన్న చుట్టమైన నల్లి వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంది. 2025 చివరి నెలల్లో దీని గురించి విజయనగరం జిల్లాతో సహా రాష్ట్రమంతటా వార్తలు వచ్చాయి కాబట్టి పేరు అందరూ వినే ఉంటారు. ఇది మంచంలో ఉండే నల్లి కాదు. మిరపతోటలో ఆకును ముడిచే నల్లి వంటిదే ఇదీ, జాతి వేరు. దాని పిల్ల మాత్రమే కుడుతుంది, కంటికి కనబడీ కనబడనంత ఉంటుంది, ఇక్కడా దానిని పోషించేది ఎలుకే. దట్టమైన అడవి అక్కరలేదు. చేలగట్టు, పొదల అంచు, తోటలో పెరిగిన గడ్డి చాలు, వానలు వెనకబట్టాక మరీ ఎక్కువ.

మా తోడల్లుడు మూడేళ్ల క్రితం కార్తీక వనభోజనాలకు పలాస దగ్గర ఒక జీడితోటకు వెళ్లి, భోజనం అయ్యాక నేల మీద తువ్వాలు పరచుకుని ఒక కునుకు తీశాడు. పది రోజులకు జ్వరం, తలనొప్పి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, వారం రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు, జ్వరం తగ్గలేదు సరికదా ఆయాసం మొదలైంది. మరో పెద్ద ఆసుపత్రికి తీసుకువెళితే ఒక కుర్ర డాక్టరు చొక్కా విప్పించి, చంకలో బీడీతో చురక పెట్టినట్టున్న నల్లటి పక్కును చూసి, "ఈ మధ్య పొలాలకు గాని తోటలకు గాని వెళ్లారా?" అని అడిగింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగింది. టైఫస్, టైఫాయిడ్ పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు జబ్బులు, టైఫాయిడ్‌కు మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. ఆ పక్కు నొప్పి పెట్టదు, దురద పెట్టదు, పైగా బట్టల చాటున ఉంటుంది, అందరిలోనూ కనబడదు కూడా. అందుకే అడిగినా అడగకపోయినా, గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగామో డాక్టరుకు మనమే చెప్పాలి. మందును మాత్రం దుకాణంలో కొని సొంతంగా మింగవద్దు. గర్భిణులకు వేరే మందు ఇస్తారు, ఆ నిర్ణయం డాక్టరుదే.

ఇప్పుడు మా బృందం పాటిస్తున్న పద్ధతి ఇది. లేతరంగు ప్యాంటు, దాని అంచు మేజోళ్లలోకి, చొక్కా ప్యాంటులోకి. చూడటానికి విచిత్రంగానే ఉంటుంది, ఎదురైనవాళ్లు నవ్వుతారు. బట్టలు కప్పని చోట, పురుగులను దగ్గరకు రానివ్వని డీట్ అనే రసాయనం ఉన్న లేపనం, సీసా మీద రాసినంత సేపటికొకసారి. బాటకు మధ్యలో నడక. గుడారం ఎండ తగిలే చోట, పశువుల జాడ లేని చోట. కూర్చోవడానికి మడత కుర్చీ, లేదంటే మందపాటి టార్పాలిన్. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలోకి, మనిషి స్నానానికి, ఆపైన చేతికందని చోట్లు ఇంకొకరి చేత వెతికించుకోవడం. వెంట కుక్క వస్తే దానికీ అదే తనిఖీ.

అమెరికాలో బట్టల మీద చల్లుకోవడానికి పెర్మెత్రిన్ అనే పిడుదుల మందు ద్రావణం అమ్ముతారని విని, మా స్నేహితుడొకడు పశువులకు వాడే డెల్టామెత్రిన్ మందు ఇప్పించమని నన్ను అడిగాడు. ఇవ్వలేదు. ఆ మందులు పశువు తోలు మీద వాడటానికి, చెప్పిన పాళ్లలో నీళ్లలో కలిపి వాడేవి. మనిషి చర్మానికి రోజంతా అంటుకుని ఉండే బట్టల మీద పోసుకునేవి కావు. నా ఉద్యోగ జీవితంలో చేతి తొడుగులు లేకుండా వాటిని కలిపి, ముఖం మంటెత్తి కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పడమటి కనుమలకు వెళ్లే మన కుర్రవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో బయటపడిన క్యాసనూరు అటవీ జ్వరం పిడుదుల వల్లే వస్తుంది, దానికి ప్రత్యేకమైన మందు లేదు. ఆ జ్వరానికి కోతులూ చస్తాయి కనుక, ఆ అడవుల్లో కోతులు చచ్చిపడి ఉన్నాయని తెలిస్తే ఆ వైపు వెళ్లనే కూడదు.

నాకు జ్వరం రాలేదు. క్యాలెండర్‌లో రాసుకున్న రోజు నుంచి మూడు వారాలు లెక్కపెట్టి, చివరి గడి మీద అడ్డగీత గీశాను. సీసాలోని పిడుదును మనవడు భూతద్దం కింద పెట్టి కాళ్లు లెక్కపెట్టి, ఎనిమిదని తేల్చి, బడికి తీసుకుపోతానని అడుగుతున్నాడు.