బ్యాంకాక్‌లో కిలోమీటర్లు లెక్కలోకి రావు

నేను మహబూబ్‌నగర్‌లో బస్సు కండక్టర్‌ని. బ్యాంకాక్ వెళ్లి వచ్చానని తెలిసినప్పటి నుంచి డిపోలోనూ మా వీధిలోనూ అడిగేవాళ్లే. ఎంత ఖర్చయింది, ఏం కొన్నావు అన్న వాటికి ఇక్కడ జవాబు రాయను. ఆ నగరంలో ఎలా తిరగాలన్నదే రాస్తాను. నాకు బాగా తెలిసిన విద్య అదొక్కటే.

ముందు ఇల్లు దాటే సంగతి. పాలమూరు జనం విమానం కోసమని హైదరాబాదు బస్సెక్కి, తిన్నగా ఇమ్లీబన్ బస్టాండు దాకా వెళ్లి, సామాన్లతో మళ్లీ వెనక్కి శంషాబాద్ వస్తుంటారు. మన బస్సు వెళ్లేదే శంషాబాద్ మీదుగా కదా! అక్కడే దిగి విమానాశ్రయానికి బండి మాట్లాడుకోండి. శంషాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం నాలుగు గంటలకు మించదు. దిగగానే గడియారాన్ని గంటన్నర ముందుకు తిప్పుకోవాలి.

ఇక అసలు విషయం. బ్యాంకాక్‌లో ఫలానా చోటు ఎన్ని కిలోమీటర్లని అడగడం దండగ. ఏ వేళకు, దేని మీద వెళ్తారన్నదే లెక్క. సాయంత్రం నాలుగు దాటాక సుఖుంవిత్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లకు గంట పట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. అంత రద్దీలోనూ హారన్ కొట్టేవాడు కనబడడు. మన డ్రైవర్లకు ఈ మాట చెబితే నమ్మలేదు. అందుకని నీళ్ల మీద వెళ్లగలిగినప్పుడు నీళ్ల మీద వెళ్లండి, అది కుదరకపోతే రైలెక్కండి. టాక్సీ సంగతి ఆ తర్వాతే.

నీళ్లంటే చావో ఫ్రాయా నది. ఊరి నడిమధ్యలో పారుతుంది, రాజభవనమూ పాత గుళ్లూ అన్నీ దాని ఒడ్డునే. రోడ్డుకు పైన స్తంభాల మీద నడిచే ఆకాశ రైలులో వెళ్లి సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే సాథోన్ రేవు. అక్కడ రంగు జెండాల లాంచీలు వరుసగా వస్తాయి. నీలి జెండా పర్యాటకులది, టికెట్టు ఎక్కువ. నారింజ జెండాది ఊరివాళ్లు ఎక్కే లాంచీ. మేము ఎక్కినప్పుడు ఎంత దూరానికైనా 16 బాత్‌లు. బాత్ అంటే మన రెండున్నర రూపాయలకు పైనే. కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు ముఖం చూడగానే నీలి జెండా టికెట్టు చేతిలో పెట్టబోతారు. ‘ఆరెంజ్’ అని గట్టిగా చెప్పండి. అదే నది.

నాకు మాత్రం రాజభవనం కంటే ఆ లాంచీ వెనక భాగమే ఎక్కువ నచ్చింది. చివర ఒక కుర్రవాడు తాడు పట్టుకుని నిలబడతాడు. నడిపేవాడు ముందెక్కడో ఉంటాడు, వాడికి వెనక రేవు కనబడదు. ఈ కుర్రవాడు ఈల వేస్తాడు. ఒక తీరున వేస్తే వెనక్కి, ఇంకో తీరున వేస్తే ఆపు, మరో తీరున వేస్తే పోనీ. లాంచీ రేవును తాకుతుండగానే గెంతి, తాడును గుంజకు చుట్టి, జనం దిగీ దిగకముందే విప్పేస్తాడు. ఈల విన్నప్పుడల్లా నా చెయ్యి దానంతట అదే గంట తాడు కోసం పైకి లేచేది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జాప్యం చేయకండి. సోమశిల దగ్గర కృష్ణలో పడవ ఎక్కి అలవాటైనవాళ్లు నింపాదిగా కాలు పెడతారు. ఇక్కడ అంత వ్యవధి ఉండదు.

టికెట్లు కొట్టేవాళ్ల చేతిలో మనలా మిషను లేదు, పాత రోజుల్లో మేము పట్టుకున్న ట్రే కూడా లేదు. మూరకు కాస్త తక్కువగా ఒక రేకు గొట్టం. నిలువునా రెండుగా తెరుచుకుంటుంది. లోపల ఒకవైపు టికెట్ల చుట్టలు, ఇంకోవైపు చిల్లర. మూతను టపటపా కొడుతూ వస్తారు, టికెట్టు తీసుకోనివాళ్లు ఆ చప్పుడుకే జేబులో చెయ్యి పెడతారు. ఏసీ లేని ఎర్ర సిటీ బస్సుల్లోనూ ఇదే గొట్టం. ఒక కండక్టరమ్మ గొట్టం అంచుతోనే టికెట్టును చించిన ఒడుపు చూసి, నా డ్యూటీ ఫొటో ఫోనులో చూపించాను. ఆమె నవ్వి, గొట్టాన్ని నా చేతికిచ్చింది. బరువుగానే ఉంది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా చిల్లర బాధ గురించి సైగలతో చాలాసేపే మాట్లాడుకున్నాం.

లాంచీలో భిక్షువుల కోసం విడిగా చోటు ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని అక్కడ నిలబడవద్దు. ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, వాళ్ల చేతికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు.

నది కాక సేన్ సేప్ అనే కాలువ ఉంది. మనవాళ్లు బట్టలు కొనే ప్రతునామ్ మీదుగా పాత ఊరివైపు పోతుంది. నీళ్లు నల్లగా ఉంటాయి, వాసన వస్తుంది. పడవ పరుగు మాత్రం రోడ్డు మీది కారుకు అందదు. నీళ్లు చిందకుండా పక్కన పరదా ఉంటుంది, తాడు లాగి పైకెత్తాల్సిన బాధ్యత అంచున కూర్చున్న ప్రయాణికుడిదే. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్లు పడవ బయటి అంచు మీద నడుస్తూ టికెట్లు ఇస్తారు. వంతెన వచ్చినప్పుడల్లా తల వంచుతారు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను తిడుతూ ఉద్యోగం చేసిన నేను అది చూసి నోరెత్తలేదు. ఈ పడవలు రాత్రి పొద్దుపోయేదాకా ఉండవు, నది లాంచీలు కూడా అంతే. తిరుగు ప్రయాణానికి రైలు దారి ముందే చూసి పెట్టుకోండి.

రైళ్ల దగ్గర ఒక్కటే తికమక. 1999లో మొదలైన ఆకాశ రైలు వేరు, 2004లో వచ్చిన మెట్రో వేరు. ఒకదాని టికెట్టు ఇంకోదాంట్లో చెల్లదు. అసోక్ లాంటి చోట స్టేషన్లు పక్కపక్కనే ఉన్నా బయటికి వచ్చి మళ్లీ టికెట్టు కొనాలి. బస ఏదైనా స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో చూసుకోండి. ప్రతునామ్‌లో చవక అని అందరూ చెబుతారు. నేనైతే ఫయా థాయ్, రాచ్‌థేవీ స్టేషన్ల చుట్టుపక్కల వెతకమంటాను. విమానాశ్రయం రైలు చివరి స్టేషన్ ఫయా థాయే.

రాజభవనం ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు. తెరిచే వేళకే వెళ్లండి. టికెట్టు 500 బాత్‌లు. భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, చీరకు ఏ ఇబ్బందీ లేదు. నిక్కర్లేసుకున్న మగవాళ్లను మాత్రం వెనక్కి పంపిస్తారు. దారిలో శుభ్రమైన చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురై, ఈ రోజు పూజ ఉంది, మూసేశారు, పక్క గుడి చూపిస్తాను, ఆటో చవక అంటాడు. ఆ ఆటో నగల దుకాణం దగ్గర తేలుతుంది. వినకుండా గేటు దాకా నడవండి.

లోపల జనమంతా పచ్చరాతి బుద్ధుడున్న గుడి చూసి వెళ్లిపోతారు. మీరు ఆ గుడి చుట్టూ ఉన్న వసారాలోకి వెళ్లండి. గోడల మీద 178 ఘట్టాల్లో రామాయణం ఉంది. వాళ్లు రామకీన్ అంటారు. మా ఆడబిడ్డకు మా ఊరి చిరుతల రామాయణం కంఠతా వచ్చు, ఆమెను అక్కడి నుంచి కదిలించడం నా తరం కాలేదు. మైరావణుడు ఎత్తుకుపోకుండా హనుమంతుడు తోకతో కోట కట్టాడని మనం విన్నాం. అక్కడ ఆయన కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. అంతవరకు బాగానే ఉంది. కాస్త ముందుకు పోతే హనుమంతుడి పక్కన బంగారు చేపకన్య. రావణుడి కూతురట. వాళ్లకో కొడుకు కూడా!

“వదినా, చెమట చుక్కకు పుట్టిన మత్స్యవల్లభుడు కదా ఇతను? వీళ్లేమిటి, స్వామికి పెళ్లి చేసేశారు?” అని మా ఆడబిడ్డ చాలాసేపు ఆ గోడతోనే వాదించింది. ఆమె మంగళవారాలు ఒక్కపొద్దు ఉంటుంది మరి.

తిండి విషయంలో శాకాహారులకు కొంచెం కష్టమే. కూరగాయల వేపుడులో కూడా చేపల రసం పోస్తారు. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలున్న కొట్లలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. బొప్పాయి కోరు పచ్చడిలో మన పల్లీలు చూసి సంబరపడకండి, ఎండు రొయ్యలు కూడా ఉంటాయి. మామిడిపండు, కొబ్బరిపాలు, జిగురన్నం కలిపి పెట్టేది మాత్రం తప్పకుండా తినండి. మా వాళ్లు ఎండు జొన్న రొట్టెలూ పల్లీల పొడీ తెచ్చుకున్నారు, ఒక పూట అవీ కలిసొచ్చాయి. ఎండ మన దగ్గరలా మాడ్చదు, ఉడకబెడుతుంది. మధ్యాహ్నాలు ఏదైనా పెద్ద దుకాణంలోనో రైల్లోనో గడపండి.

ఇక టాక్సీ ఎక్కక తప్పకపోతే మీటరు వేయమనండి, 35 బాత్‌లతో మొదలవుతుంది. వేయనంటే దిగిపోండి, వెనకే ఇంకోటి వస్తుంది.

తిరుగు విమానం రాత్రిపూట ఉంటే సాయంత్రం టాక్సీ జోలికి పోవద్దు. ఫయా థాయ్‌లో రైలెక్కితే సువర్ణభూమి విమానాశ్రయం అడుగు అంతస్తులోనే దిగుతారు. కాకపోతే బ్యాంకాక్‌లో విమానాశ్రయాలు రెండు. టికెట్టు మీద డాన్ మువాంగ్ అని ఉంటే అది ఊరికి ఇంకో దిక్కున ఉంటుంది, దానికి ఎర్ర లైను రైలు వేరే ఉంది. ఏదో చూసుకుని బయల్దేరండి.