పోకీల (పబ్బుల్లో ఉండే జూదం మెషీన్ల) మీద ఒక్క డాలర్ పరిమితి పెట్టడానికి ఇంకెన్నేళ్లు?

మా ఇంట్లో పై గదిలో అద్దెకుండే గుంటూరు అబ్బాయి మొన్న రాత్రి వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, "అన్నా, టర్మ్ ఫీజు కట్టేశానని ఇంట్లో అబద్ధం చెప్పాను" అన్నాడు. ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిచి చూపించాడు. 200, 200, మళ్లీ 100, అన్నీ ఒకే పబ్‌లో తీసినవే. ఇక్కడ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పోకీలున్న పబ్బులు, క్లబ్బుల్లో ఏటీఎంలు 2012లోనే తీసేశారు, కానీ కౌంటర్ దగ్గర కార్డు గీకి క్యాష్ అడిగితే ఇస్తారు.

ఒకసారి వాడి పక్కన నిలబడి చూశాను. డాలర్ పెట్టి బటన్ నొక్కితే ఇరవై సెంట్లు వచ్చాయి, అంటే ఎనభై సెంట్లు పోయినట్టే, అయినా మెషీన్ గెలిచినట్టు పాట పాడి లైట్లు వెలిగించింది. సగటున 87 శాతమైనా ఆటగాళ్లకి తిరిగివ్వాలని చట్టం చెబుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మూడు సెకన్లకోసారి డాలర్ చొప్పున నొక్కితే గంటకి 1200 సార్లు, ఆ మిగిలిన 13 శాతం లెక్కన గంటకి 156 డాలర్లు పోతాయి. అసలు ఇక్కడ ఒక్కో నొక్కుకి 5 డాలర్ల దాకా పెట్టొచ్చు, పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 10.

నొక్కుకి పందెం ఒక్క డాలర్‌కి తగ్గించమని కేంద్ర ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2010లోనే చెప్పింది. ఎందుకు తగ్గించరో నాకు తెలిసినంతలో చెప్తాను. 2022-23లో ఒక్క విక్టోరియాలోనే పబ్బులు, క్లబ్బుల్లోని మెషీన్లలో జనం 300 కోట్ల డాలర్ల పైన పోగొట్టుకున్నారు, అందులోంచి పన్ను రాష్ట్రానికి వెళ్తుంది, అది హాస్పిటల్స్ నిధికని చెబుతారు. హాస్పిటల్ డబ్బు ఇలా వస్తుంటే ఏ మంత్రి చెయ్యి ముందుకి వస్తుంది? క్లబ్బులకి పబ్బులకంటే 8.33 శాతం తక్కువ పన్ను, సమాజానికి ఉపయోగపడే ఖర్చు చేస్తున్నామని చూపిస్తే చాలు, అందులో సిబ్బంది జీతాలు కూడా రాసుకోవచ్చు! ఇది నాకు అస్సలు మింగుడుపడని విషయం.

మెషీన్లు లేకపోతే పబ్బులు మూతపడతాయని అంటారు కదా, పెర్త్‌లో క్యాసినో తప్ప వెస్ట్రన్ ఆస్ట్రేలియా మొత్తంలో ఏ పబ్‌లోనూ పోకీలు లేవు, అక్కడ పబ్బులు నడుస్తూనే ఉన్నాయి. 2024 ఆగస్టు నుంచి ఇక్కడ మెషీన్ల గదులు తెల్లవారుజామున 4 నుంచి 10 దాకా మూసెయ్యాలన్నారు, అది మంచిదే. కానీ మా వాడు పోగొట్టుకుంది రాత్రి తొమ్మిదికి, భోజనానికని వెళ్లి.

సోమవారం ఇద్దరం కలిసి సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్‌కి పేరిచ్చి వచ్చాం, అంటే ఆ మెషీన్ల గదుల్లోకి నన్ను రానివ్వొద్దని తనే రాసివ్వడం. తర్వాత వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తానన్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి వచ్చేశాను.