ఉప్పు చూడలేని వంటమేస్త్రి

2022 ఆషాఢంలో నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. ఆషాఢమే ఎందుకంటే ముహూర్తాలుండవు, నాకు పనుండదు. నేను పెళ్ళి వంటలు చేయిస్తాను. కోనసీమ పక్కన మా ఊరు, 30 ఏళ్ళుగా ఇదే పని. తేదీ నేనే అడిగేసరికి డాక్టరుగారు నవ్వారు. "అందరూ ఆషాఢం వద్దని శ్రావణానికి వాయిదా వేసుకుంటారండీ, కావాలని వచ్చింది మీరొక్కరే" అన్నారు.

అప్పటికి నా బరువు 138 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. షుగర్ వచ్చి 12 ఏళ్ళు. రోజుకి 46 యూనిట్ల ఇన్సులిన్, దానికి తోడు రెండు రకాల బిళ్ళలు, అయినా మూడు నెలల సగటు 9.4 దగ్గర బైఠాయించింది. బీపీకి మూడు బిళ్ళలు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని ముక్కుకి తగిలించుకునే మిషన్. మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, గాడిపొయ్యి ముందు కూర్చుంటే లేవదీయడానికి ఇద్దరు కుర్రాళ్ళు కావాలి. డబ్బు సంగతి ఇక్కడ రాయను, అదో భారతం. కొంత ఇన్సూరెన్సు, కొంత పాడుకున్న చీటీ.

నాకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, కింద నుంచి పేగుని తెచ్చి దానికి కుడతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిన్నది అందులోకి పోదు. ఆ సంచిలో మొదట్లో పట్టేది 30 మిల్లీలీటర్లు. మా సాంబారు గరిటెలో నాలుగో వంతు కూడా కాదేమో.

ఇంటికి పంపేనాటికి ఇన్సులిన్ పూర్తిగా ఆపేశారు. ఒంట్లో బరువు నాలుగు కిలోలైనా తగ్గలేదు, షుగర్ మాత్రం దిగిపోయింది. తిండి తగ్గడం ఒక కారణమట, పేగు దారి మారినందువల్ల లోపల ఊరే హార్మోన్లు మారడం ఇంకో కారణమట. "మేస్త్రికి షుగర్ పోయిందిట" అని ఊళ్ళో పాకింది. నేనూ అదే అన్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. "పోయింది అనకండి, పడుకుంది అనండి" అన్నారు. ఆ మాట విలువ అప్పుడు తెలియలేదు.

మొదటి దెబ్బ బీపీ వల్ల తగిలింది. పాత అలవాటు కొద్దీ మూడు బిళ్ళలూ వేసుకుంటున్నాను. తాగేది చుక్కలు చుక్కలు, తినేది చెంచాలు. మూడో వారంలో ఒక తెల్లవారుజామున మంచం మీద నుంచి లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుని జారిపోయాను. మా ఆవిడ చూసి లబలబలాడింది. చూస్తే బీపీ 90/58. మూడింటిలో ఒకటి ఒంట్లో నీరు లాగేసే బిళ్ళ, ముందు అది తీసేశారు. తర్వాత నెలలో ఇంకొకటి. బరువు తగ్గేకొద్దీ పాత చీటీలోని మందులు మనకి ఎక్కువైపోతాయి. అలాగని మనంతట మనం ఆపకూడదు, ఇంట్లో మిషన్ పెట్టుకుని రోజూ రాసి చూపించాలి. షుగరు బిళ్ళ కూడా మార్చారు. ముందు నేను వేసుకునే మెట్‌ఫార్మిన్ రోజంతా మెల్లగా కరిగే రకం. పేగు దారి దగ్గరైపోయింది కాబట్టి అది పూర్తిగా కరిగేలోపే దాటిపోతుందని, మామూలు రకం రాశారు.

ఇక తిండి. రెండు వారాలు పల్చటి నీళ్ళు, మజ్జిగ తేట, పప్పు కట్టు. తర్వాత రెండు వారాలు మెత్తగా మిక్సీ పట్టినవి. ఆ తర్వాత పెసరపప్పు, గుడ్డు, ముళ్ళు తీసిన కొరమీను. రోజుకి 70 గ్రాముల ప్రోటీన్ తినాలన్నారు. గుడ్డుకి ఆరు గ్రాములు. 100 గ్రాముల పనీరుకి 18. పప్పుకి మనం అనుకున్నంత లేదు, కప్పు నిండా తింటే ఎనిమిదో తొమ్మిదో. వెయ్యి విస్తళ్ళకి కందిపప్పు ఎన్ని కిలోలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను, నా ఒక్క పొట్టకి లెక్క కుదరడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. పెరుగుని గుడ్డలో కట్టి నీళ్ళు కార్చి తినడం అప్పుడే నేర్చుకున్నాను. అందులో కొంచెం అల్లం, కరివేపాకు వేస్తే ఇప్పటికీ నాకు అదే విందు.

అన్నం మాత్రం నన్ను ఏడిపించింది. ఐదో నెలలో ఆకలి మీద గబగబా రెండు ముద్దలు మింగాను. రెండోది రొమ్ముకి అడ్డంపడి ఆగిపోయింది. నోట్లో నురగ ఊరుతూనే ఉంది, ఉమ్ముతూనే ఉన్నాను, 40 నిమిషాలకి గానీ తిరిగి వచ్చేయలేదు. నీళ్ళు తాగితే దిగుతుందని పక్కింటాయన గ్లాసు అందించాడు, అది ఇంకా పొరపాటు. అసలు భోజనంతో పాటు నీళ్ళే తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. విస్తరి పక్కన ఎడంచేతి వైపు గ్లాసు లేకుండా భోజనానికి కూర్చోవడం మనవాళ్ళకి ఎంత కష్టమో చెప్పలేను. వైశాఖంలో పొయ్యి సెగ దగ్గర మరీ నరకం, పావుగంటకోసారి రెండు గుటకలు. గటగటా తాగే సుఖం పోయింది.

అసలు చిక్కు నా వృత్తితో వచ్చింది. వంటవాడన్నాక ఉప్పు చూడాలి, పాకం చూడాలి. ఏడో వారంలో శ్రావణ ముహూర్తం ఒకటి ఒప్పుకున్నాను, కూర్చుని చెప్పడానికే కదా అని. పదకొండు గంటల వేళ పరమాన్నం ఒక చెంచా, బూరెల పూర్ణం కొంచెం, చలిమిడి కొంచెం, మళ్ళీ పరమాన్నం. పావుగంట తిరక్కుండా గుండె దడదడ, ఒళ్ళంతా చెమట, కడుపులో మెలిక. బియ్యం బస్తాల మీద వెల్లకిలా పడుకున్నాను. కుర్రాళ్ళు గుండెపోటే అనుకున్నారు. దీన్ని డంపింగ్ అంటారు. తీపి ఆ చిన్న సంచిలో నిలవకుండా ఒక్కసారిగా పేగులోకి పడిపోతే ఒళ్ళు అలా తిరగబడుతుంది.

ఇది వెంటనే వచ్చే రకం. ఆలస్యంగా వచ్చేది ఇంకోటి ఉందని 2023 జ్యేష్ఠంలో, ఏడాది కావస్తుండగా తెలిసింది. పదకొండింటికి బొబ్బట్ల పూర్ణం రుచి చూశాను, ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఒంటిగంటకి రెండో బంతి వడ్డిస్తుంటే చేతులు వణికి గరిటె జారిపోయింది, ఎదురుగా ఉన్నవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నాయి. మీటర్ పెడితే 54. తీపి తిన్నందుకు ఒంట్లో ఇన్సులిన్ మోతాదు మించి ఊరి, తర్వాత షుగర్‌ని కిందకి లాగేసిందన్నమాట. 12 ఏళ్ళు షుగర్ ఎక్కువని భయపడినవాడిని, పడిపోతుందని భయపడాల్సి వచ్చింది. అప్పుడు ఇంకో బొబ్బట్టు తింటే మళ్ళీ పైకి లేచి మళ్ళీ పడుతుంది. మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మీటర్ పెట్టి చూసి, కుదుటపడ్డాక ఒక గుడ్డో గుప్పెడు వేయించిన శనగలో తినమన్నారు. లుంగీ మడతలో శనగల పొట్లం అప్పటి నుంచే ఉంటోంది.

మా గురువుగారు మడి వంట చేసేవారు. నైవేద్యం కాకుండా చెంచా నోట్లో పెట్టేవారు కాదు. పొంగు మీద ముఖం పెట్టి వాసన చూసి "ఉప్పు చాల్లేదురా, ఇంకో చారెడు వెయ్యి" అనేవారు. ఉప్పు పడిన పులుసు వాసన వేరని ఆయన నమ్మకం. అప్పట్లో మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేను ఆయన దారి పట్టాను. కారం, పులుపు అయితే నాలుక చివర పెట్టి ఉమ్మేస్తాను. తీపి మా అన్నయ్య కొడుక్కి అప్పగించాను. వాడు చూసి చెబుతాడు, నేను వాడి ముఖం చూస్తాను.

ఒంటికి బాధలు ఒక ఎత్తు, జనం మాటలు ఒక ఎత్తు. సన్నబడిన వంటవాడిని ఎవరూ నమ్మరు. ఒక పెళ్ళికూతురి తండ్రి సూటిగానే అడిగాడు, "ఏం మేస్త్రీ, మీ వంట మీరే ముట్టరేంటి?" అని. ఏదో పెద్ద జబ్బని ఇద్దరు పార్టీలు అడ్వాన్సు వెనక్కి అడిగారు. నాలుగో నెలలో జుట్టు కూడా కుచ్చులు కుచ్చులుగా ఊడింది, దాంతో వాళ్ళ అనుమానం బలపడింది. అది తిరిగి వచ్చింది లెండి, ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి అలా ఊడి వస్తుందట.

ఇప్పుడు నా పెద్ద పొరపాటు. 2023 కార్తీకంలో వరసగా రెండు పెళ్ళిళ్ళు, మోకాలు వాచింది. ఆ ఊళ్ళో మందుల షాపుకెళ్ళి, "బాబూ, నాకు బైపాస్ అయింది, నొప్పి బిళ్ళలు వద్దన్నారు, ఏదైనా తేలికది ఇవ్వు" అన్నాను. బైపాస్ అంటే మన దగ్గర గుండెదే. కుర్రాడు "గుండెకీ దీనికీ సంబంధం లేదండీ" అని డైక్లోఫెనాక్ ఇచ్చాడు. గుండె జబ్బు వాళ్ళకైనా అది ఇష్టం వచ్చినట్టు ఇచ్చేది కాదని తర్వాత తెలిసింది. ఆ కుర్రాడినేం అంటాం? పొట్ట ఆపరేషన్ అని నేను విడమరిచి చెప్పలేదు. తొమ్మిది రోజులు వేసుకున్నాను. హాయిగా ఉంది కూడా.

తర్వాత విరేచనం నల్లగా వచ్చింది. ఐరన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి ఎలాగూ నల్లగానే వస్తుంది, ఏడాదిగా అలవాటే కదా అని పట్టించుకోలేదు. కానీ ఈ నలుపు వేరు. తారులా జిగట, భరించలేని కంపు. మా ఆవిడ నా కనురెప్ప కిందికి లాగి చూసి, "ఏమండీ, పాలిపోయింది, ఇవాళే పదండి" అంది. హిమోగ్లోబిన్ 7.1. గొట్టం వేసి చూస్తే పేగుని కుట్టిన అతుకు దగ్గర పుండు. రెండు సీసాల రక్తం ఎక్కించారు, మూడు నెలలు ఆమ్లం తగ్గించే మందు. ఆ సమయంలో షుగర్ సగటు 5.4 వచ్చింది. నేను సంబరపడ్డాను. రక్తం పోయి కొత్తది వచ్చినప్పుడు ఆ పరీక్ష నిజం చెప్పదు, వేలిమీద పొడుచుకుని చూసుకోండి అన్నారు. నిజమే, మీటరులో అంత మంచిగా ఏమీ లేదు.

అప్పటి నుంచి పర్సులో చీటీ పెట్టుకున్నాను: "పొట్టకి బైపాస్. గుండెకి కాదు. పారాసిటమాల్ తప్ప నొప్పి బిళ్ళలు ఇవ్వవద్దు." తెలుగులోనే రాయించాను.

మందుల వేళలు ఇప్పుడు నాకు ముహూర్తాల్లాగే. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది పేగు మొదటి భాగంలో, నా తిండి ఆ భాగాన్ని తప్పించుకునిపోతుంది. కాబట్టి బిళ్ళలు జీవితాంతం. ఆరింటికి నిమ్మకాయ నీళ్ళతో ఐరన్, టీ ఏడు దాటాకే. కాల్షియం పదకొండింటికి, రాత్రి ఎనిమిదింటికి. రెండూ కలిపి వేస్తే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియంలో కూడా సిట్రేట్ అని అడగాలి. షాపుల్లో చేతికి వచ్చేది కార్బొనేట్, అది పట్టాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, నాకు అదే తక్కువ. బి12 నెలకోసారి సూది.

తక్కువలో తక్కువ 86 కిలోలకి వచ్చాను, ఏడాదిన్నరకి. ఇప్పుడు 92. ఆ ఆరు కిలోలు ఎలా వచ్చాయో నాకు బాగా తెలుసు. అన్నం ముద్ద దిగదు గానీ కారప్పూస ఎంతైనా దిగుతుంది. కరకరలాడేది నోట్లోనే పొడైపోయి జారిపోతుంది, సంచి నిండదు. పెళ్ళి వంటశాలలో చేతికందేవన్నీ అవే. షుగర్ మళ్ళీ కొంచెం లేచి 6.8కి వచ్చింది, మెట్‌ఫార్మిన్ ఒకటి నడుస్తోంది. బీపీకి ఒక బిళ్ళ. ముక్కు మిషన్ మాత్రం మళ్ళీ రాత్రి పరీక్ష చేసి తీసేశారు. అది మూలన ఉంది, మా మనవడు ఏనుగు తొండం అని ఆడుకుంటాడు.

మొన్న మాఘంలో ఎనిమిది వందల మందికి వంట. దప్పళం కుతకుత ఉడుకుతోంది. గురువుగారిలాగే పొంగు మీదికి వంగి, ముక్కుతో చూసి, "సరిపోయిందిరా, దించండి" అన్నాను. మా వాడు గరిటె చివర అరచేతిలో వేసుకుని నాకి, "బాబాయ్, ఇంకో గుప్పెడు పడాలి" అన్నాడు. సరే వెయ్యమన్నాను. గడియారం చూస్తే పదిన్నర. చేతులు కడుక్కుని, పందిరి వెనక్కి వెళ్ళి నా గుడ్డు ఒలుచుకున్నాను.