ఏప్రిల్‌లో మొక్కల సర్వే
సర్వే పని అప్పగించేవాళ్లు మళ్లీ ఏప్రిల్‌లోనే అడవిలో మొక్కల సర్వే చేసి రిపోర్టు ఇమ్మన్నారు. ఈసారి ఒప్పుకోలేదు. వానలు పడనివ్వండి అన్నాను.

పాకాల, ఏటూరునాగారం అడవుల వైపు ఎండల్లో తిరిగితే టేకు, నల్లమద్ది లాంటి చెట్లు దొరుకుతాయి. అడవినాభి అనే తీగమొక్క దొరకదు. అప్పుడు దాని దుంప నేలలోనే ఉంటుంది. తొలకరి తర్వాత మొలకెత్తి తీగ సాగి, ఎరుపు పసుపు కలిసిన పూలు పూస్తుంది. దుంపలో కోల్చిసిన్ ఉంటుంది, ప్రాణం తీసేంత విషం. అయినా మందుల కోసం తవ్వేస్తారు. అందుకే ఎక్కడ మిగిలిందో రాసిపెట్టాలి. చూడాల్సిన కాలంలో చూడకుండా 'అరుదైన మొక్కలు లేవు' అని సంతకం పెట్టడం నా దృష్టిలో అబద్ధమే.

కలుపు సంగతి వేరు. వయ్యారిభామకు కాస్త తేమ చాలు, ఏ నెలలోనైనా లేస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. బాట అంచు నుంచి లోపలికి మీటరు చదరాలు గీసి లెక్కపెడతాం. మట్టి లారీలు తిరిగిన చోట అది ఎంత లోపలికి పాకిందో చూస్తే గుండె కలుక్కుమంటుంది.

చివరికి జులైలో, సెప్టెంబరులో వెళ్లడానికి ఒప్పుకున్నారు. మాకు అడవి చూపించే కోయ పెద్దాయనకు కూలి కాదు, నిపుణుడి ఫీజే ఇవ్వాలని ఖర్చుల అంచనాలో రాశాను.