విశాఖలో రెండు నెలలకి ఇల్లు కావాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు నుంచి ఎవరైనా విశాఖలో కొన్నాళ్ళు ఉండాలంటే చాలావరకు వైద్యం కోసమే. రెండ్రోజుల పనికి లాడ్జి చాలు. ఏడాదంటే మామూలు అద్దిల్లు దొరుకుతుంది. చిక్కంతా మధ్యలో ఉన్న నెల, నెలన్నర, రెండు నెలలతోనే. ఓనరేమో పదకొండు నెలల అగ్రిమెంటు అంటాడు, లాడ్జివాడేమో రోజు లెక్క కడతాడు.

డాక్టరు దగ్గర ముందు తేల్చుకోవాల్సింది ఎన్ని రాత్రులు ఊళ్ళో ఉండాలన్నది. రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు వరసగా పెడతారు. దానికి ఇల్లు కావాల్సిందే. కీమో అలా కాదు, ఎక్కువగా మూడు వారాలకోసారి ఉంటుంది. డాక్టరు సరేనంటే మధ్యలో ఇంటికొచ్చేయొచ్చు, ఖాళీ గదికి అద్దె కట్టడం దండగ.

తర్వాత లెక్క. ఫ్లాటు అద్దె 12,000 అనుకుందాం. మెయింటెనెన్స్ 1,500, బ్రోకరుకి సగం నెల అద్దె 6,000, కరెంటు నెలకి 1,000. ఇరవై రోజులున్నా నెలంతటికీ కట్టాలి కాబట్టి 20,500 అవుతుంది, అంటే రోజుకి వెయ్యి దాటింది. రోజుకి 900 ఉన్న లాడ్జిలో అదే ఇరవై రోజులకి 18,000. నలభై ఐదు రోజులైతే లెక్క తిరగబడుతుంది. ఫ్లాటుకి రెండు నెలలు కట్టినా 35,000, లాడ్జికి 40,500. పైగా ఫ్లాటులో వంటిల్లు ఉంటుంది, రోగికి గంజి కావాలంటే హోటలువాణ్ణి బతిమాలక్కర్లేదు. మీ అంకెలు వేసుకుని చూడండి, ఈ లెక్కలో ఇంచుమించు మూడు వారాలు దాటాక నెల నిండేదాకా ఫ్లాటు చవక, రెండో నెలలో అడుగుపెడితే వారం పైన ఉంటేనే మళ్ళీ ఫ్లాటు చవక.

ఏరియా ఆస్పత్రిని బట్టి. కింగ్ జార్జ్ ఆస్పత్రి, అంటే కేజీహెచ్‌కైతే మహారాణిపేట, రామ్‌నగర్, డాబాగార్డెన్స్. ప్రైవేటు ఆస్పత్రులుండే హెల్త్ సిటీకి, సర్కారు ఆస్పత్రి విమ్స్‌కి ఆరిలోవ, హనుమంతవాక, వెంకోజీపాలెం. హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి అగనంపూడిలో ఉంది, దానికోసం ఎంవీపీ కాలనీలో ఇల్లు తీసుకుంటే రోజూ ఊరంతా దాటాలి. కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు చూడండి. విశాఖ స్టేషనులోకి వెళ్ళకుండా దువ్వాడలోనే ఆగి పోయే రైళ్ళు కూడా కొన్ని ఉన్నాయి. ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్ళు చవగ్గా దొరుకుతాయి. కానీ ఆటో చివరిదాకా ఎక్కదు, ఎక్కాల్సిన మెట్లెన్నో లెక్కపెట్టుకోండి. అపార్ట్‌మెంటైతే లిఫ్టులో వీల్‌చెయిర్ పడుతుందా, కరెంటు పోతే లిఫ్టుకి జనరేటరుందా, బాత్రూములో కమోడ్ ఉందా అన్నవి చూశాకే హాలు అందం సంగతి.

నెల ఇరవయ్యో తారీఖు తర్వాత తిరగడం మేలు. ఖాళీ చేస్తామని చెప్పినవాళ్ళ ఇళ్ళకి టూలెట్ బోర్డులు అప్పుడే కడతారు. ఖాళీల గురించి వాకబు చెయ్యడానికి నా ఓటు వాచ్‌మన్లకి. ఫోను నంబరు పెట్టని ఓనర్ల సంగతులు కూడా వాళ్ళకి తెలుస్తాయి.

రోగి ఉన్నట్టు చెప్పొద్దని బ్రోకర్లు సలహా ఇస్తారు. వినకండి. ఓనర్ల అసలు భయం వేరే ఉంది. ఇంట్లో జరగరానిది జరిగితే, అందులోనూ ధనిష్ఠా పంచకంలో జరిగితే, ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలని నమ్మకం. ఆ మాట పైకి అనరు. "మా అమ్మాయి వాళ్ళు వస్తున్నారండి, ఇవ్వడం లేదు" అంటారు. దాచిపెట్టి చేరితే వారం తిరక్కుండా తెలిసిపోతుంది, అప్పుడు వైద్యం మధ్యలో సామాను సర్దాలి. నేరుగా ఇలా చెప్పండి: "అమ్మగారూ, మా నాన్నగారికి రేడియేషన్, ముప్పై సిట్టింగులు. నడుస్తారు, తన పనులు తను చేసుకుంటారు. ఏ కాస్త ఎక్కువైనా ఆస్పత్రిలోనే చేర్పిస్తాం, ఇంట్లో ఉంచుకోం." ఆవిడ ఎదురుచూసేది ఆ చివరి మాటకే. రేడియేషన్ అంటే మనిషిలోంచి కిరణాలొస్తాయనుకునేవాళ్ళూ ఉంటారు. బయటి నుంచి మెషీనుతో ఇచ్చేదానికి అలాంటిదేమీ ఉండదని చెప్పండి. (ఒడిశా నుంచంటే "తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అని కూడా అంటారు. నవ్వేసి ఊరుకోవడమే.)

మంగళవారం చేరనివ్వరు, శుక్రవారం తాళం ఇవ్వరు, ఆషాఢమైతే సరేసరి. సిట్టింగులు మొదలయ్యే తేదీకి వారం ముందే మంచిరోజు చూసి పాలు పొంగించి తాళం తీసుకుంటామంటే చాలామంది ఒప్పుకుంటారు.

ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి డబ్బు పంపకండి. మోసం ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. ఓనరు ఆర్మీలో ఉన్నానంటాడు, వేరే ఊళ్ళో పోస్టింగంటాడు, గేటు పాసుకి కొంత వెయ్యమంటాడు. తర్వాత "మీ డబ్బు వెనక్కి పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. యూపీఐలో పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది, రావడానికి పిన్ అక్కర్లేదు. మనిషి వెళ్ళి చూసేదాకా ఒక్క రూపాయి వద్దు.

పదకొండు నెలల అగ్రిమెంటు ఓనర్ల అలవాటు. మీకు అంతకాలం అక్కర్లేదు కాబట్టి స్టాంపు పేపరు మీద రెండు నెలలకే రాయించుకోండి. చేరే తేదీ, ఖాళీ చేసే తేదీ, వైద్యం సాగితే ఆపైన రోజుకెంత, ముందే అయిపోతే ఎన్ని రోజుల నోటీసు, అడ్వాన్సు ఏ రోజున తిరిగిస్తారు, పెయింటింగ్ డబ్బులు కోస్తారా అన్నవి అందులో ఉండాలి. రెండు నెలల మకాంకి మూడు నెలల అడ్వాన్సు అడిగితే బేరమాడండి, ఒక నెలకి దిగుతారు. ఆధార్ కాపీ ఇస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద అడ్డంగా "ఇంటి అద్దె కోసం" అని రాసి తేదీ వెయ్యండి.

కరెంటు మీటరు విడిగా ఉందా అని తప్పకుండా అడగండి. 2022 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు ఒక రూపాయి తొంభై పైసలు, 400 దాటితే తొమ్మిది రూపాయల డెబ్బై ఐదు పైసలు. సొంత మీటరు మీద 150 యూనిట్లు కాలిస్తే యూనిట్ల ఖర్చు 567. అదే మీటరుకి మూడు పోర్షన్లుంటే 450 యూనిట్లకి 3,036, తలా 1,012. కాల్చింది అంతే, కట్టేది ఇంచుమించు రెట్టింపు.

గ్యాసుకి ఐదు కిలోల చిన్న సిలిండరు కొనుక్కోండి, గుర్తింపు కార్డు చాలు, విశాఖ చిరునామా అడగరు. ఇండేన్‌లో దాన్నే ఛోటూ అంటారు.

చేరిన రోజే మీటరు రీడింగు, గోడల మీద మరకలు, గీజరు, ఫ్యాన్లు అన్నీ ఒకే వీడియోలో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. బకెట్టు పెట్టి కుళాయి తిప్పి నీళ్ళెంతసేపట్లో నిండాయో చూడండి. ఖాళీ చేసే రోజు ఆ వీడియోనే తెరిచి ఓనరుతో గదిగదీ తిరగండి. అడ్వాన్సు ఖాతాలో పడ్డాకే ఆఖరి తాళంచెవి చేతిలో పెట్టండి.