ప్రతిఫలం కోరని మేలు

ఇటీవల బెంగళూరులోని ఒక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న ఒక పాప కోసం ప్లేట్‌లెట్లు ఇచ్చి లేస్తుండగా, మదనపల్లె నుంచి వచ్చిన ఆ పాప తండ్రి నా చేతిలో కొబ్బరిబొండం పెట్టి, "మీ రుణం ఎలా తీర్చుకోవాలి సార్?" అన్నారు. గంటకు పైగా రబ్బరు బంతి నొక్కుతూ, యంత్రం పసుపుపచ్చని ద్రవాన్ని వేరుచేసి ఎర్రకణాలను తిరిగి నా నరంలోకే పంపడం చూస్తూ కూర్చున్న నాకు, ఆ మాటతో కలిగిన సంతోషం తక్కువేమీ కాదు. ఆ సంతోషమే ప్రతిఫలమైతే, నేను చేసినది నిస్వార్థమేనా?

ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోనీ 1990లో, దాతకు కలిగే తృప్తిని కూడా లెక్కలోకి తీసుకున్న సిద్ధాంతం ప్రతిపాదించారు. దాన్ని పట్టుకుని దానమంతా స్వార్థమే అనేవారితో నేను ఏకీభవించలేను. మనస్తత్వవేత్త డేనియల్ బ్యాట్సన్ బృందం 1981లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యుత్ షాకులు తింటున్నట్టు కనిపించిన యువతిని చూస్తున్నవారికి, కావాలంటే లేచి వెళ్ళిపోయే వీలు కూడా ఇచ్చారు. అయినా ఆమెపై గాఢమైన సహానుభూతి కలిగినవారిలో ఎక్కువమంది, మిగిలిన షాకులు తామే భరిస్తామన్నారు. తమ మనోవేదన పోగొట్టుకోవడమే కావలసింది అయితే, వెళ్ళిపోవడమే సులువు కదా!

భగవద్గీత పదిహేడవ అధ్యాయం, తిరిగి ఉపకారం చేయలేనివారికి ఇచ్చేదే సాత్త్విక దానమంటుంది. ఇచ్చినవాడు సంతోషించకూడదని ఆ శ్లోకంలో లేదు. కోరి తెచ్చుకున్నది వేరు, వెంట వచ్చినది వేరు. నేను ఇచ్చినట్టు ఒకరి కోసమని కాక, రక్తనిధికి స్వచ్ఛందంగా ఇచ్చిన రక్తం ఏ రోగికి ఎక్కుతుందో దాతకు సాధారణంగా ఎవరూ చెప్పరు. అయినా మూడు నెలలు నిండగానే మళ్ళీ వెళ్ళి ఇచ్చి, ఆ సంగతి ఎవరితోనూ అనని సహోద్యోగులు మా ఆఫీసులోనే ఉన్నారు.