ప్లాట్ నది వెంట రెండవ ఏడాది: నా పర్యటన నమోదులు

మార్చి చివరి వారం, కీర్నీ

ఒమాహాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా అమెరికాలోని ఈ నెబ్రాస్కా రాష్ట్రాన్ని తూర్పు నుంచి పడమరకు కొంచెం కొంచెంగా చూడాలని నిరుడు మొదలుపెట్టాను. శాండ్‌హిల్ క్రేన్ల ఫొటోలు నిరుడు ఒక్కటీ సరిగా రాకపోవడం వల్ల ఈ ఏటి తొలి మజిలీ కూడా ప్లాట్ నది పక్కనున్న కీర్నీయే అయింది. సారస కుటుంబానికి చెందిన ఈ పక్షులు ఏటా ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు ఐదు లక్షలకు పైగా ఇక్కడ దిగుతాయి. పగలంతా కోత కోసిన మొక్కజొన్న చేలలో రాలిన గింజలు ఏరుకుని తిని, ఉత్తరాదికి సాగిపోయే ముందు తమ బరువులో ఐదో వంతు దాకా పెంచుకుంటాయి. రాత్రికి నది మధ్య చీలమండల లోతు నీటిలో నిలబడి నిద్రపోతాయి, నక్కల వంటి జంతువులు నీటిని చప్పుడు లేకుండా దాటలేవు కదా. ఎగువన ఆనకట్టలు, కాలువలు వచ్చాక ప్రవాహం తగ్గి ఇసుకమేటల మీద చెట్లు మొలిచాయి. పక్షులకు అనువైన విశాలమైన పాయలు ఇప్పుడు కొద్దిచోట్లే మిగిలినందున, సంరక్షకులు చెట్లు నరికి ఆ చోటును ఖాళీగా ఉంచుతున్నారు. చెట్లు కొట్టడమే పర్యావరణ సేవ అయిన చోటు నాకు ఇదొక్కటే తెలుసు.

గిబ్బన్ దగ్గరి రో అభయారణ్యంలో చెక్కతో కట్టిన చూపుగదులు ఉన్నాయి. వాటికి ముందుగా బుక్ చేసుకోవాలి, సూర్యోదయానికి గంట ముందే లోపలికి చేరాలి, పక్షులు వెళ్లేదాకా బయటికి రాకూడదు, ఫ్లాష్ వాడకూడదు. నిరుడు నేను ఈ నియమాలన్నీ పాటించి కూడా, చలికి కెమెరా బ్యాటరీ చచ్చిపోయినందున ఉత్త చేతులతో కూర్చున్నాను. ఈసారి రెండు బ్యాటరీలను చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి దాచాను. 400 ఎంఎం లెన్సు, ఐఎస్‌ఓ 6400, సెకనులో అరవయ్యో వంతు షట్టరు. ఆ వెలుతురులో ఎగిరే రెక్కలు ఎలాగూ చెదిరినట్లే వస్తాయి కనుక, నిలబడి ఉన్న పక్షుల మీదే దృష్టి పెట్టాను. ముందు వాటి కూత వినబడింది, వెదురు గొట్టంలో గవ్వలు దొర్లించినట్లు ఉండే బొంగురు ధ్వని. బూడిదరంగు మేట అనుకున్నది మెల్లగా కదిలి వేలాది మెడలుగా విడిపోయింది. ఒక గద్ద పైనుంచి పోగానే నది మొత్తం ఒక్కసారిగా లేచినట్లయింది. పనికివచ్చే ఫొటోలు పదకొండు వచ్చాయి.

చూపుగది దొరకనివారికి ఫోర్ట్ కీర్నీ వద్ద నదిమీది పాత రైలు వంతెన సాయంత్రపు చూపుకు మంచిది. అది రాష్ట్ర వినోద స్థలం కనుక కారుకు పర్మిట్ ముందే కొనుక్కోవాలి. చేల పక్కన మాత్రం కారు దిగకూడదు. మనిషి ఆకారం కనబడితే చాలు పక్షులు లేచిపోతాయి, కారును మాత్రం అవి పెద్దగా పట్టించుకోవు.

ఏప్రిల్, బియట్రిస్

1862 హోమ్‌స్టెడ్ చట్టానికి గుర్తుగా ఉన్న జాతీయ స్థలాన్ని చూశాను. ఆ చట్టం ప్రకారం అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే 160 ఎకరాల ప్రభుత్వ భూమి సొంతమయ్యేది. మా తాతగారు నాలుగెకరాలకు జీవితాంతం కోర్టుల చుట్టూ తిరిగారు కనుక, ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ నేల అంతకు ముందు ఆదివాసుల నుంచి లాక్కున్నదేనన్న సంగతిని కూడా ప్రదర్శన దాచలేదు. రెండు గంటలు చాలు.

మే, స్కాట్స్ బ్లఫ్

ఒమాహా నుంచి దాదాపు ఏడు గంటల ప్రయాణం. దారిలో టైమ్ జోన్ మారి గంట కలిసివస్తుంది. నదికి 800 అడుగుల ఎత్తున ఉన్న ఈ కొండ, దానికి తూర్పున ఉన్న చిమ్నీ రాక్, ఓరెగాన్ దారిలో బండ్లు కట్టుకుని పడమటికి వెళ్లినవారికి ఆనవాళ్లు. శిఖరం దాకా మూడు సొరంగాలున్న రోడ్డు ఉన్నా, నేను శాడిల్ రాక్ కాలిబాటలో ఎక్కాను. ఒక వైపు 1.6 మైళ్లు, నీడ లేదు, తోకతో గిలక చప్పుడు చేసే విషపు గిలక పాములు ఉంటాయి. రెండు లీటర్ల నీళ్లు సరిపోలేదు, మూడు తీసుకెళ్లండి. రాళ్లు జారినప్పుడు బాట మూసేస్తారు, బయలుదేరే ముందే కనుక్కోవాలి.

జూన్, శాండ్‌హిల్స్

గడ్డి కప్పిన ఈ ఇసుక తిన్నెల మీదుగా రెండో నంబరు హైవేలో వెళ్లేటప్పుడు, పెట్రోలు సగానికి రాగానే మళ్లీ నింపుకోవడం నియమంగా పెట్టుకున్నాను. "మినిమమ్ మెయింటెనెన్స్" (పెద్దగా మరమ్మతులు చేయని దారి) అని బోర్డున్న మట్టి దారిలో వాన వెలిశాక వెళ్లి చక్రాలు దిగబడితే, ఒక రైతు ట్రాక్టరుతో లాగి, డబ్బు తీసుకోకుండా, బోర్డు వైపు చేయి చూపి వెళ్లిపోయాడు.

మరునాడు పశువుల నీళ్ల తొట్టిలో నది దిగాను. గుండ్రటి ఇనుప తొట్టిలో చుట్టూ బల్లలు వేసి అద్దెకు ఇస్తారు. గోదావరి మీది పుట్టి గుర్తుకు వచ్చింది, ఇది కూడా అలాగే తనంతట తాను తిరుగుతూ పోతుంది. తెడ్డుతో ముందుకు నెడితే ఇంకా వేగంగా గిరగిర తిరిగింది. తెడ్డును ఒడ్డుకు దూరంగా పెట్టుకోవడానికి మాత్రమే వాడితే నడక కుదురుకుంది. పులిహోర డబ్బాకు మూత గట్టిగా పెట్టకపోవడం నా తప్పే.

వచ్చే మార్చికి చూపుగది బుకింగు జనవరిలోనే చూసుకోవాలని కేలెండరులో రాసి పెట్టాను. అప్పుడు 400 బదులు 300 ఎంఎం లెన్సు తీసుకెళ్తాను.